కాలువ గట్టు మీద నల్ల గొడుగు

సార్ పోయారన్న కబురు వచ్చేసరికి పార్సిల్ నా ముందే ఉంది. ఇంకా విప్పలేదు. మా రెండో చిప్ అందులో ఉంది. ఆయన మహబూబ్‌నగర్ దవాఖానలో మంచం మీద నుంచి రోజూ ఫోన్ చేయించి "వచ్చిందా?" అని అడిగించింది దాని కోసమే. ఒక్క పూట ఆగలేకపోయారు. ఆగడం ఆయనకు ఎప్పుడు చేతనైంది గనక!

హైదరాబాద్‌లో నా పరిశోధనకు ఆయనే గైడ్. ఆయన కుర్చీలో కూర్చోగా చూసింది తక్కువ. చాయ్ కప్పు పట్టుకుని ల్యాబంతా తిరిగేవారు. ఆ చాయ్ ఏ మీటరు మీదనో చల్లారిపోయి దొరికేది. "బేటీ, గిది చూసినవా? మరి గట్లెందుకు చేస్తలేవు?" అనేవారు. జవాబు చెప్పేలోగా వరండాలో ఉండేవారు. ఆయన పక్కన నిలబడితే మనకూ కాలు నిలవదు.

మేం చేసేది గోరంత చిప్. కాలువలో నీటిమట్టం చూపే స్కేలు మీది అంకెను అదే చూసి, అదే గుర్తుపట్టాలి. కంప్యూటర్ ఉండదు. కరెంటు లేని గట్టు మీద టార్చిలైటు బ్యాటరీలతోనే నెలల తరబడి బతకాలి. అందుకే అంకెల ఆకారాలను చిన్నచిన్న విద్యుదావేశాలుగా తనలోనే దాచుకుని, చూసినదాన్ని వాటితో పోల్చుకుంటుంది.

మొదటి చిప్ ల్యాబులో ఒక్క అంకె తప్పలేదు. డబ్బిచ్చే అధికారులకు అక్కడే చూపించేద్దామన్నాను. "కాలువ గీ ట్యూబ్‌లైటు కింద పారుతదా?" అన్నారు సార్. మిట్టమధ్యాహ్నం అందరినీ నందికొండ కాలువ దగ్గరికి తీసుకుపోయారు. పెట్టెలో బిగించిన చిప్‌కు మీటరు తగిలించి చూస్తే, కాసేపు సరిగ్గానే చెప్పింది. తర్వాత నాలుగును ఏడంది. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. ఎండ లోపలిదాకా దిగి, అది దాచుకున్న విద్యుదావేశాలు కారిపోతున్నాయి. చూస్తోంది, మరిచిపోతోంది. నాకు ఏడుపొచ్చింది. సార్ మాత్రం తన నల్ల గొడుగు విప్పి పెట్టె మీద పట్టారు. "దీనికీ నా లెక్కనే జర గొడుగు గావాలె సాబ్!" వాళ్ళు నవ్వి, ఇంకొక్క చిప్‌కు ఒప్పుకున్నారు. అదీ ఎండకు ఆగకపోతే పని మూసేయమన్నారు.

తిరుగుదారిలో నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. చిట్యాలలో చాయ్ దగ్గర ఆయనే కదిపారు. "కోపమొచ్చిందా బేటీ? ఇయ్యాల తప్పితే మనం నవ్వులపాలైతం, అంతే. ల్యాబుల గెలిచి రేపు కాలువ కాడ తప్పితే, నీళ్ళెక్కువొదిలి కింద రైతు పంట మునుగుతది."

నిజం చెప్పాలంటే ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ మాట మనసులోంచి అసలే పోలేదు.

రెండో చిప్‌లో జ్ఞాపకం ఉండే భాగం మీద పలుచటి లోహపు పొర కప్పాం. ఆ పొరను ల్యాబులో అందరం గొడుగనే పిలిచాం. ఈసారి మీటరు అక్కర్లేకుండా అంకె చూపడానికి పెట్టెకు చిన్న ఎర్ర దీపాలూ పెట్టాం. ఆ పొర పనిచేస్తుందో లేదో చూడకుండానే సార్ వెళ్ళిపోయారు.

మగవాళ్ళు జనాజా ఎత్తుకుని ఖననానికి వెళ్ళాక సార్ ఇంట్లో ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. సార్ భార్యను మేం ఖాలా, అంటే పిన్ని, అంటాం. ఆమె లోపలికి వెళ్ళి సార్ నల్ల గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పానం పోయేముందు గూడ గదే అడిగిన్రు, ఎండల పెట్టి చూసిందా అని. నువ్వు ఈడ ఏడ్చుకుంట కూసుంటే ఆయనకు నచ్చదు బిడ్డా. పోయి చూసి రా."

నిన్న మధ్యాహ్నం నందికొండ కాలువ గట్టు మీద, రెండో చిప్ బిగించిన పెట్టెను నేరుగా ఎండలో పెట్టాను. ఎంతసేపు చూసినా ఎర్ర అంకె వెలగలేదు. తీగలు ఊడాయేమోనని చూశాను. అప్పుడు తట్టింది, ఇంత వెలుతురులో ఆ చిన్న దీపాలు కంటికి ఆనడం లేదని. గొడుగు విప్పి, చిప్ మీద నీడ పడకుండా, అంకె మీదికి మాత్రమే పట్టాను.

ఆరు. స్కేలు మీదా ఆరే.

"సార్, ఎండలనే పెట్టిన" అని పైకే అన్నాను. నీళ్ళు పారుతున్నాయి. చిప్ మీద ఎండ కాస్తూనే ఉంది. గొడుగు నీడలో ఆరు కదలకుండా వెలుగుతోంది.