పెద్దబాపు తల వంపు

పసుపు కొమ్మును విరిచి, తల కాస్త వంచి చూడటం మా నాన్నగారి అన్న, పెద్దబాపుకు అలవాటు. ఆర్మూరు మార్కెట్లో ఆయన మెచ్చిన సరుకే కొనేవాళ్లం. 2006 మార్చిలో అలా కొన్న కుప్పలో ఒక పక్కంతా పుచ్చు కొమ్ములే తేలాయి. అమ్మినవాడితో కుమ్మక్కయ్యారని నలుగురిలో నిలదీశాను.

“కుప్పంత ఒక్క తీరుగనే కనవడ్డది బిడ్డా!”

నమ్మలేదు. డైరీలో ‘మోసం’ అని రాసుకున్నాను.

ఆ తర్వాత పెద్దబాపు పక్కనున్న వస్తువులను తగులుకుంటుంటే కళ్లు చూపించడానికి తీసుకెళ్లాను. పదిహేడో రోజున నిజామాబాద్ కంటి డాక్టరు అసలు సంగతి చెప్పారు. గ్లాకోమా అనే కంటి జబ్బు వల్ల కంటి నరం దెబ్బతిని ఆయనకు పక్కచూపు పోయింది. ఆ ఖాళీని చుట్టుపక్కల రంగుతో మెదడే నింపుతోంది, అందుకే లోటు తెలియలేదు.

బయటకు వచ్చాక పెద్దబాపు తల వంచి నన్ను చూశారు.

“నా తలకాయనే నన్ను మోసం జేసిందంట. దానికేం ఎరుక? నీకు నేను ముప్పయ్యేండ్ల సంది ఎరుకనే గద బిడ్డా!”