క్రేన్ మీద నుంచి కనబడిన చేతులు

1979 వేసవిలో జంషెడ్‌పూర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ డిస్పెన్సరీకి మెడికల్ ఆఫీసరుగా చేరాను. ఊళ్ళోని జుగ్సలాయి పేట పక్కనే, ఉక్కు దూలాలు కోసి అతికే వాళ్ళ ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ఇద్దరు కాంపౌండర్లు, నాలుగు మంచాలు, ఒక పాత తూకపు యంత్రం, ఇదీ నా సామ్రాజ్యం. జ్వరాలూ కాలిన గాయాలూ చూడడం సగం పని. మిగతా సగం, ఎవరు పనికి ఫిట్, ఎవరు అన్‌ఫిట్ అని రాసి సంతకం పెట్టడం. ఆ ఒక్క మాట కోసం సూపర్‌వైజర్లు నాతో తియ్యగా మాట్లాడేవారు. పని అయ్యాక గుర్తుపట్టేవారు కాదు.

అప్పలనాయుడు అక్కడ ఓవర్‌హెడ్ క్రేన్ ఆపరేటరు. శ్రీకాకుళం వైపు మనిషి, కాపురం నది అవతల మాంగో బస్తీలో. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌కు వేలాడే కేబిన్‌లో అతను కూర్చునేవాడు. మోతలో కింది మాట పైకి వినబడదు. అందుకని ఖలాసీ, అంటే బరువులకు గొలుసులు కట్టే మనిషి, చేత్తో సైగ చేస్తాడు. అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. ఏళ్ళ తరబడి చేతుల్ని చూసి బతికినవాడు అప్పలనాయుడు. అతని ఖలాసీ తవుడు అదే ఊరివాడు, మాంగోలో పక్కింటివాడు కూడా.

ఆ ఏడు పెద్ద ఆర్డరు వచ్చి డబుల్ డ్యూటీలు మొదలయ్యాయి. నిద్ర ఆపుకోవడానికి లారీ డ్రైవర్లు మింగే మాత్రలు అప్పలనాయుడి చేతికి వచ్చాయి. యాంఫెటమిన్ జాతి మందు అది. మొదట్లో అందరికీ బాగానే ఉంది. నోట్లో నాలుక లేని మనిషి క్యాంటీన్‌లో నలుగురినీ కూర్చోబెట్టి కబుర్లు చెప్పేవాడు, పరిచయం లేనివాళ్ళ భుజాల మీద చేతులు వేసేవాడు. సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు. మెచ్చుకోడూ మరి, ఇద్దరి పని ఒకడు చేస్తుంటే!

కొన్నాళ్ళకు కబుర్లు తగ్గి అనుమానం మొదలైంది. కింద ఇద్దరు మాట్లాడుకుంటే తన గురించే అనుకునేవాడు. చివరికి పెరట్లో భార్య పైడమ్మ చెయ్యి ఊపడం చూసి, తవుడికి సైగ చేస్తోందని గొడవపడి ఆమెను ఇంట్లోంచి గెంటేశాడు.

మర్నాడు వాళ్ళ బస్తీ పెద్ద సన్యాసినాయుడు భార్యాభర్తలిద్దరినీ డిస్పెన్సరీకి తీసుకొచ్చాడు. మాదీ విజయనగరం వైపే కనుక వాళ్ళ పద్ధతి నాకు తెలుసు. ఆదివారం పెద్దలు కూర్చుని తీర్పు చెబుతారు.

"ఈడికి పిచ్చని రాసియ్యండి బాబూ, రాంచీ పిచ్చాసుపత్రికి అంపేత్తాం. పిచ్చి నేదంతే ఆడు సెప్పింది నిజిమే అవుద్ది. ఈ గుంటని కన్నోరింటికి అంపేత్తాం" అన్నాడు.

పైడమ్మ మాట్లాడుతుంటే ఆమె చేతులు మాటలతో పాటే కదిలాయి. "వొడియాలు ఎండెట్టినాను బాబూ. కాకులొత్తే ఇలాగ తోలినాను. అదీ తప్పేనేటి?" అంటూ తోలి చూపించింది.

అప్పలనాయుడు ఆ చేతినే చూస్తున్నాడు. "సూసినారా బాబూ? దించమంతంది" అన్నాడు నాతో, చాలా నెమ్మదిగా.

పరీక్ష చేశాను. మిట్టమధ్యాహ్నం వెలుతురులోనూ కంటిపాపలు పెద్దవిగా ఉన్నాయి. నోరు ఎండిపోయింది, దవడ నములుతూనే ఉంది, నాడి పరుగెడుతోంది, తూకం బాగా పడిపోయింది. అడగ్గా అడగ్గా మాత్రల సంగతి చెప్పాడు, అందులో తప్పేముందన్నట్టు. ఈ స్థితికీ పిచ్చికీ పైకి తేడా తెలియదు. ఈ మందు ప్రతి చిన్న విషయాన్నీ ముఖ్యమైనదిగా చూపిస్తుంది. మనిషి తనకు వచ్చిన విద్యతోనే దానికి అర్థం కట్టుకుంటాడు. అప్పలనాయుడికి వచ్చిన విద్య సైగలు చదవడం.

మందు ప్రభావం, పరిశీలనలో ఉంచాలి, అని రాసి మంచంలో చేర్చుకున్నాను. మాత్రలు ఆపించాను. ముందు మొద్దునిద్ర పోయాడు. లేచాక విపరీతమైన ఆకలి, దిగులు, ఏడుపు. ఈ దశలో ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంటుంది కనుక ఒక కాంపౌండరును పక్కనే కూర్చోబెట్టాను.

ఆదివారం వచ్చేసింది గాని అతని అనుమానం ఇంకా పూర్తిగా వదల్లేదు. నేనే మాంగో వెళ్ళి పెద్దల ముందు నిలబడి, మందు దిగేదాకా తీర్పు ఆపమని అడిగాను.

"మాత్రేసుకుంతే నేనిది ఉన్నట్టు అవుపిత్తాదేటి బాబూ?" అన్నాడు సన్యాసినాయుడు.

లేనిది కూడా ఉన్నట్టే అవుపిస్తుందన్నాను. వారం ఆగితే అప్పలనాయుడి నోటితోనే చెప్పిస్తానన్నాను. ఆ మాట ఇచ్చేశాక వారమంతా నాకు అన్నం సహించలేదు. మందు దిగినా అనుమానం మిగిలిపోయేవాళ్ళు కొందరుంటారు.

తర్వాతి ఆదివారం అప్పలనాయుడు వచ్చి నిలబడ్డాడు. ఈ జబ్బులో జరిగినవి చాలావరకు మనిషికి గుర్తుంటాయి. "అన్నీ గేపకమున్నాయి. నానే అన్నాను. అప్పుడు నిజిమనే అవుపించింది. అది ఏ తప్పూ సెయ్యనేదు" అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

పైడమ్మ కాపురం నిలబడింది. అతణ్ణి క్రేన్‌కు అన్‌ఫిట్ అని రాశాను, స్టోర్‌లో పని ఇచ్చారు. సూపర్‌వైజరు నాతో మాట్లాడడం మానేశాడు. దానివల్ల నాకు కలిగిన నష్టమేమీ లేదు.

కొన్ని నెలల తర్వాత పైడమ్మ దగ్గుకు మందు కోసం వచ్చింది. భర్త బాగున్నాడని, మాత్రల జోలికి పోవడం లేదని చెప్పింది. చెప్పినంతసేపూ రెండు చేతులూ కొంగు కింద ముడుచుకునే ఉంది. నాడి చూడడానికి చెయ్యి చాపమంటే ముందు గుమ్మం వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

ఉత్తేజక మందు ఆపితే చాలామందిలో అనుమానం తగ్గుతుందని చదువుకున్నాను. అది నిజమే. ఆ అనుమానాన్ని భరించినవాళ్ళ సంగతి నేను చదివినదాంట్లో లేదు. తర్వాత ఇలాంటి కేసు ఎప్పుడు వచ్చినా ఇంటివాళ్ళను కూడా విడిగా కూర్చోబెట్టి మాట్లాడేవాణ్ణి. అప్పలనాయుడి కేసు షీటు మీద నయమైందని రాసి సంతకం పెట్టాను. పైడమ్మకు కేసు షీటే లేదు.