అమ్మమ్మ మీద కప్పిన చీర

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పేదాకా శవాన్ని లేపరు. అత్తవారింట్లో బీరువా నిండా చీరలున్నా సరే, ఆ ఒక్క చీర పుట్టింటి నుంచే రావాలి. తాడేపల్లిగూడెంలో మా అమ్మమ్మ పోయినప్పుడు ఆ చీర కైకలూరు నుంచి వచ్చింది. తెచ్చినాయన ఆవిడకి అన్న. మేమంతా అలాగే అనుకున్నాం. మా అమ్మ ఆయన్ని మావయ్యా అని పిలిచేది, అది విని విని నాకూ ఆ పిలుపే అలవాటైంది.

కిందటేడు తాడేపల్లిగూడెంలో ఒక గృహప్రవేశానికి అమ్మని తీసుకెళ్ళాను. భోజనాల దగ్గర తాతయ్య తరఫు పెద్దాయన ఒకరు అమ్మ పక్కన కూర్చుని పాత సంగతులు ఎత్తుకున్నారు.

"మీ అమ్మ అదృష్టవంతురాలమ్మా. శవం లేవాలంటే ఎవరో ఒకరు పుట్టింటివాళ్ళు ఉండాలి గదా. సమయానికి ఆ కైకలూరాయన ఉన్నాడు, కబురంపించాం. నిజంగా అన్నో కాదో ఎవరు చూడొచ్చారు!"

ఆయన మంచిమాట చెబుతున్నాననే అనుకున్నారు. అమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. బస్సెక్కి ఏలూరు తిరిగొచ్చాం. ఇంటి మెట్లెక్కుతూ అమ్మ గోడ పట్టుకుని ఆగింది.

"ఒరేయ్, మా అమ్మ పుట్టింటి చీర లేకుండానే వెళ్ళిపోయిందంటావా?"

ఎనభై దాటిన మనిషి అడిగిన మాట అది. కాదులే అమ్మా అనేస్తే ఆ పూటకి సరిపోయేది. కానీ నాకు తెలియని దానికి జవాబు చెప్పడం చేతకాదు.

నేను చేపల చెరువులకి లెవెల్స్ తీసే మనిషిని, అంటే నేల ఎత్తుపల్లాలు కొలుస్తాను. చదువు పదితో ఆగింది. ఒక సర్వేయరు దగ్గర కొలత గీతలున్న కర్ర పట్టుకుని నిలబడే పనిలో చేరి, ఆయన రాసే అంకెలు చూసి చూసి లెక్క నేర్చుకున్నాను. ఎత్తు తెలిసిన ఒక గుర్తు దగ్గర మొదలుపెడతాం. అక్కణ్ణించి గట్టుకీ, గట్టు నుంచి తూముకీ కొలుచుకుంటూ పోతాం. ఎంత దూరం పోయినా చివరికి మళ్ళీ మొదటి గుర్తు దగ్గరికే రావాలి. అక్కడ అంకె కలిస్తేనే ఆ రోజు పని నమ్ముతాం.

అమ్మమ్మ విషయంలో మొదటి గుర్తే లేదు. కొల్లేరు లంకల మీదికి నీళ్ళొచ్చిన ఒక వానాకాలంలో, ఐదేళ్ళ లోపు పిల్లగా పడవలో గట్టు చేరింది. తనవాళ్ళు ఏ లంకవాళ్ళో చెప్పలేకపోయింది. చేతులు మారి మారి తాడేపల్లిగూడెంలో ఒక రైతు ఇంటికి చేరితే, వాళ్ళే పెంచి పెళ్ళి చేశారు. అమ్మమ్మ పోయేనాటికి ఆ ఇంట్లో కూడా ఎవరూ మిగల్లేదు. ఆవిడకి గుర్తున్నది ఒక్కటే. రాత్రిళ్ళు తను పడుకున్న మంచం కింద బాతులు పడుకునేవి. కైకలూరు మావయ్య పనిమీద గూడెం వచ్చి, ఈ కథ ఎవరి నోటో విని ఇల్లు వెతుక్కుంటూ వచ్చేనాటికి అమ్మమ్మ ముసలిదైపోయింది. ఆయన చెల్లెలు కూడా అదే నీళ్ళలో తప్పిపోయిందట. వాళ్ళింట్లో కూడా బాతులు మంచం కిందే ఉండేవట. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. లంకల్లో బాతులు మంచం కింద పడుకోని ఇల్లు ఉండేది కాదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

ఏలూరులో పాత పుస్తకాల కొట్లో ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం కొని చదివాను. అందులో లేనిది ఫోన్లో చదివాను. మన కణాల్లో మైటోకాండ్రియా అనేవి ఉంటాయి. వాటికి సొంత డీఎన్ఏ ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. కొడుక్కీ వస్తుంది గాని అతనితో ఆగిపోతుంది. కూతురైతే తన పిల్లలకి అందిస్తుంది. అమ్మమ్మ తల్లిది అమ్మమ్మకీ, అమ్మకీ వచ్చి, నా దగ్గర ఆగిపోయిందన్నమాట. ఆ తల్లి నుంచే ఆడవాళ్ళ వరసలో దిగిన మనిషి ఇంకొకరు దొరికితే పోల్చి చూడొచ్చు.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట మిగిలింది ఆయన ఒక్కగానొక్క కూతురు. నాకు అత్తయ్య, అమ్మకి మరదలు. కానీ ఆవిడకి తండ్రి తరఫుది రాదు, తన తల్లిదే వస్తుంది. వంశవృక్షం గీసుకుని చూస్తే గీత మావయ్య దగ్గరే తెగిపోయింది. ఇక కుదరదని అమ్మకి చెప్పేశాను.

ఆ తర్వాత కైకలూరు దగ్గర ఒక చెరువు పని పడి, అమ్మని కూడా అత్తయ్య ఇంటికి తీసుకెళ్ళాను. అమ్మ మనసులో మాట దాచుకోలేక అంతా చెప్పేసింది. అత్తయ్య నవ్వింది.

"ఏం లెక్కలబ్బాయివయ్యా! మా అమ్మ ఎవరనుకున్నావ్? మా నాన్నకి సొంత అక్క కూతురు. మేనరికం. మా నాయనమ్మే మా అమ్మకి అమ్మమ్మ."

"మా వాడికి చెరువు గట్లు తెలిసినంత చుట్టరికాలు తెలీవులేవే" అంది అమ్మ.

సిగ్గనిపించింది. ఎక్కడివాళ్ళో గీసిన బొమ్మలు ఫోన్లో చూసి, వాటిలాగే మా ఇళ్ళకీ గీతలు గీశాను. మేనమామని చేసుకునే ఇళ్ళలో తండ్రి దగ్గర తెగిన గీత తల్లి వైపు నుంచి తిరిగొచ్చి కలుస్తుంది. నాయనమ్మది ఆవిడ పెద్దకూతురికీ, ఆవిడ కూతురికీ, ఆ కూతురు కన్న మా అత్తయ్యకీ వచ్చింది.

పరీక్షకి ముందే ఇద్దరికీ ఒక మాట చెప్పాను. "ఇది కాదంటే కాదనే. కలిస్తే మాత్రం ఖాయంగా అవునని కాదు. ఒకే మూలం నుంచి దిగిన ఆడవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. కాదనలేం, అంతవరకే."

"అదేం సాక్షిరా, ఒక పక్కకే మాట్లాడుతుంది?" అంది అమ్మ.

"చేయించు వదినా. నోట్లో పుల్ల పెట్టించుకోవడానికి కూడా నీకు భయమేనా?" అంది అత్తయ్య.

బుగ్గల లోపల దూదిపుల్లతో రుద్ది, చిన్న గొట్టాల్లో పెట్టి పంపించాం. అమ్మదీ అత్తయ్యదీ చాలు. కానీ ఒక్క రీడింగు నమ్మడం నా పనిలో లేదు కాబట్టి నాది కూడా పంపాను.

ఫలితాలు వచ్చినప్పుడు పెదవేగి వైపు పామాయిల్ తోటలో చెరువు తవ్వడానికి స్థలం కొలుస్తున్నాను. ఫోన్లో తెరిచి చెట్టు నీడకి వెళ్ళి చదివాను. అమ్మదీ నాదీ అక్షరం పొల్లు పోకుండా కలిశాయి. అత్తయ్యది వేరే. కాస్త తేడా అయితే ఏదో సర్దుకునేవాణ్ణి. ఇది వేరే కొమ్మ, ఎన్నో వేల ఏళ్ళ కిందటే విడిపోయిన కొమ్మ. మళ్ళీ చదివాను. తర్వాత పనివాళ్ళని ఇంటికి పొమ్మన్నాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది, అదే పని కానిచ్చింది. చాట పక్కన పెట్టాక అంది.

"దానికి నువ్వు ఫోన్లో చెప్పకు. నేను వెళ్ళి చెబుతాను."

అత్తయ్య వాళ్ళిల్లు చేపల మేత అమ్మే కొట్టు పైన ఉంటుంది. మేం వెళ్ళేసరికి పక్క ఐసు మిల్లులో దిమ్మలు పగలగొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా అమ్మ ఆగింది.

"మన ఇద్దరికీ చుట్టరికం లేదటే."

అత్తయ్య నా వంక చూసింది. నేను తల ఊపాను. అత్తయ్య చీర కొంగు అంచు సరిచేసుకుంది.

"మా నాన్న సంగతి నీకు తెలీదూ వదినా? ఆయన పిసినారితనం ఊరంతా ఎరుగుదురు. నా పెళ్ళికి కూడా బేరమాడి బేరమాడి చీరలు తెచ్చాడు. అలాంటిది మీ అమ్మకి అడిగినంత ఇచ్చి పట్టుచీర తెచ్చాడు. చెల్లెలు కానిదానికి మా నాన్న అంత పెట్టడు. అంచేత చెల్లెలే. నీ కొడుకు కాగితం నీ దగ్గరే ఉంచుకో."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ తేలికపడ్డాను. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అత్తయ్య కాఫీ కలపడానికి లేచి, గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవయ్యా, మీ అమ్మమ్మ మా మేనత్త కాకపోతే, మరి మా మేనత్త ఏమైనట్టు?"

నేను ఆ లెక్క వేయలేదు. అన్ని గీతలు గీసినవాణ్ణి, అన్ని సార్లు సరిచూసినవాణ్ణి, ఇది చూడలేదు. ఆ నీళ్ళలో ఒక పిల్ల తప్పిపోయిందనీ, దొరికిందనీ రెండు ఇళ్ళవాళ్ళం ఇన్నేళ్ళూ ఊరట పడ్డాం. ఇప్పుడు ఇద్దరు పిల్లలయ్యారు. ఒక పిల్ల గట్టు చేరింది గాని ఎవరి పిల్లో తెలీదు. ఇంకొక పిల్ల ఎవరి పిల్లో తెలుసు గాని గట్టు చేరిందో లేదో తెలీదు. చెల్లెలు దొరికిందన్న నమ్మకంతోనే మావయ్య పోయాడు. ఆ పిల్లని ఆ తర్వాత వెతికినవాళ్ళు లేరు.

"తెలియదు అత్తయ్యా" అన్నాను.

అమ్మ లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. బయట చెరువుల మీద నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఒకప్పుడు అదంతా కొల్లేరే.

"ఆ పిల్లకని తెచ్చిన చీర మా అమ్మ కప్పుకెళ్ళింది" అంది అమ్మ. "మా అమ్మకి పుట్టింటి చీర పడిందో లేదో అని ఇన్నాళ్ళూ ఏడ్చాను. పడింది. ఆ పిల్లది పడింది. ఆ పిల్లకే లేదు. పదవే, బజారుకెళదాం."

"ఇప్పుడా? కాఫీ అన్నా తాగు వదినా."

"వచ్చి తాగుతా. చీర కొని కొల్లేటికోట అమ్మవారి దగ్గర పెట్టి, ఆ పిల్ల పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుందాం. పేరు తెలుసుగా నీకు?"

"నాకు పెట్టింది ఆవిడ పేరే" అంది అత్తయ్య.

బట్టల కొట్లో పరుపు మీద ఇద్దరూ ఆనుకుని కూర్చున్నారు. నేను బయట చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ముందు అత్తయ్యకే అనుమానం వచ్చింది.

"వదినా, ఐదేళ్ళ పిల్లకి చీరేంటి? పరికిణీ గుడ్డ తీసుకోవాలేమో."

అమ్మ ఆలోచించింది. నేను కూడా ఆలోచించాను. ఆ నీళ్ళనీ, పడవలనీ, పిల్లల వయసునీ లెక్కలోకి తీసుకుంటే అత్తయ్య అన్నదే సరైనది.

"మా అమ్మా అంతే ఉండేది" అంది అమ్మ. "ఎవరో పడవలో వేసుకున్నారు. ఎవరో అన్నం పెట్టారు. పెరిగింది, నన్ను కంది. ఆ పిల్ల మాత్రం ఎందుకు పెరగకూడదే?"



కొట్టాయన బీరువా తలుపు పట్టుకుని అడిగారు. "ఎవరికండీ? వయసెంత ఉంటుందండీ?"

"పెద్దావిడకేనండీ" అంది అమ్మ. "మెత్తటి నేత చీరలుంటే చూపించండి."