డాక్టరమ్మ ఆడించిన తొక్కుడుబిళ్ళ

నా చిన్నప్పుడు ఢిల్లీలో నాతో ఆడేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. మా నాన్న మిలటరీలో హవల్దారు. కాకినాడ వైపు నుంచి ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్సుకి వచ్చిపడ్డాం. బయట పిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీసుకుని స్టాపూ ఆడేవారు. అది మన తొక్కుడుబిళ్ళే. నన్ను ఎవరూ పిలవలేదు, వెళ్ళి అడుగుదామంటే నాకు హిందీ రాదు. కిటికీ దగ్గర నిలబడి, ఎవరు గీత తొక్కారో చూస్తూ పొద్దుపుచ్చేదాన్ని.

ఓ రోజు బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. అమ్మ వాము నమిలించినా తగ్గలేదు. మర్నాడు నాన్న మిలటరీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆఫీసర్ల ముందు ఏడవకూడదని, అడిగితే ‘ఠీక్ హై’ అనాలని దారిలోనే చెప్పాడు. మా క్వార్టర్సులో అన్ని ఇళ్ళల్లోనూ అదే పద్ధతి. పై అధికారి పలకరిస్తే, ఒళ్ళు కాలిపోతున్నా సరే, బాగున్నామనే చెప్పేవాళ్ళం.

అక్కడి సర్జన్ ఒక మేజరు డాక్టరమ్మ. ఆవిడ కడుపు నొక్కి ‘దర్ద్ హై?’ అని నొప్పి గురించి అడిగినప్పుడల్లా పళ్ళు బిగబట్టి ఠీక్ హై అన్నాను. జ్వరం కొద్దిగానే ఉంది. రక్తపరీక్షలో, ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. అజీర్ణం అయ్యుంటుంది, ఇంటికి పంపేద్దామన్నాడు పక్కనున్న కుర్ర డాక్టరు. నాన్న మొహం తేటపడింది.

డాక్టరమ్మ మాత్రం బిగబట్టిన నా పళ్ళకేసి చూసింది. తర్వాత సుద్దముక్క తెప్పించి, వరండాలో గళ్ళు గీసి, “బేటీ, స్టాపూ ఖేలోగీ?” అంది.

నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ ఊళ్ళో నన్ను ఆటకి పిలిచిన మొదటి మనిషి ఆవిడే. మంచం దిగి పరుగులాంటి నడకతో వెళ్ళి, ఒంటికాలి మీద మొదటి గడిలోకి గెంతాను. రెండో గడికి వెళ్ళలేకపోయాను. పొత్తికడుపు కుడివైపు పట్టుకుని, అమ్మా అని అరిచి అక్కడే కూలబడ్డాను. ఆవిడ నన్ను పొదివి పట్టుకుని నాన్న వైపు తిరిగింది. “హవల్దార్ సాబ్, యే బచ్చీ హై, సిపాహీ నహీ” అంది, ఇది పసిపిల్ల, సిపాయి కాదని. నాన్న తలదించుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందట. ఇంటికి తీసుకెళ్ళి ఉంటే నేను దక్కేదాన్ని కాదని అమ్మ జన్మంతా చెప్పుకుంది.

నాకు మాత్రం కోత కంటే, అది ఆట కాదు, నొప్పి కనిపెట్టే పరీక్ష అని తెలియడమే ఎక్కువ బాధ అనిపించింది. నాన్న డ్యూటీకి వెళ్ళిపోయాడు, అమ్మని వార్డులో ఉండనివ్వలేదు. గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే డాక్టరమ్మ వచ్చింది. ఏం కనిపెట్టిందో ఏమో, నా మంచం పక్కనే గళ్ళు గీసి, బూట్లతోనే గెంతుతూ ఆట పూర్తిచేసింది. కావాలనే ఓ గీత తొక్కింది. నేను ఔట్ అని అరిచి నవ్వితే కుట్లు లాగాయి.

అప్పటినుంచి ఎవరైనా బాగున్నానంటే నేను ఆ మాటతో వదిలిపెట్టను. ఇప్పుడు ఇదే ఢిల్లీలో, జనక్‌పురిలో మా పై గదిలో పరీక్షలకి చదువుకునే తెలుగమ్మాయి ఒకతి అద్దెకుంటోంది. “బాగున్నానాంటీ” అంటూ మెట్లెక్కబోతే ఆపి, కూర్చోబెట్టి, టీ ఇస్తాను. కాసేపటికి కళ్ళనీళ్ళు పెట్టుకుని అసలు సంగతి చెబుతుంది.

మావారు పోయాక నేనొక్కదాన్నే ఉంటున్నాను. ఎలా ఉన్నారని అడిగినవాళ్ళకి, బాగానే ఉన్నానంటాను. నమ్మి వెళ్ళిపోతారు.