నన్ను అడగని ఓటు

మా తోడికోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఏ ఎన్నికలొచ్చినా ముందురోజు నన్నే అడిగేది. విత్తనానికి వేరుశనగ కాయలు వలుస్తూనో, మా రెండిళ్ల మధ్య గోడ మీదుగా చారు గిన్నె అందిస్తూనో, "ఈ తూరి ఎవురికేయల్లక్కా?" అనేది. నేను అనంతపురంలో రాజనీతిశాస్త్రం తీసుకుని బీఏ పాసైనదాన్ని. కళ్యాణదుర్గం బస్సెక్కితే కండక్టరుతో మొదలుపెట్టిన వాదన దిగేదాకా ఆపను. అలాంటిదాన్ని ఎవరైనా అడిగితే ఊరుకుంటానా? ఏ పార్టీ ఏం చేసింది, ఏం చెయ్యలేదు, అంతా విడమరిచి చెప్పేదాన్ని. చివరికి ఆమె, "అదంతా ఎందుకులేక్కా, గుర్తు చెప్పు సాలు" అనేది.

మా రెండిళ్లలో ఓటు విషయంలో మగవాళ్ల మాట ఏనాడూ చెల్లలేదు. మా ఆయన ఓటు కూడా నా కొంగున కట్టుకున్నదే.

పోయిన పంచాయతీ ఎన్నికల ముందు పరిశోధన వాళ్లు ఊళ్లోకి వచ్చారు. ఓటు రహస్యమనీ, ఎవరికి వేసిందీ ఎవరికీ తెలియదనీ ఆడవాళ్లకు బాగా చెబితే, వాళ్లు ఇంట్లో ఎవరినీ అడక్కుండా సొంతంగా వేస్తారా అన్నది వాళ్ల ప్రయోగం. సగం ఇళ్లకు వచ్చి పాఠం చెబుతారు. మిగతా సగానికి ఏమీ చెప్పరు, ఎన్నికలయ్యాక ఊరికే ప్రశ్నలు అడుగుతారు. తర్వాత రెండింటినీ పోల్చి చూస్తారు. ఏ ఇల్లు ఎటో తేల్చడానికి బడి దగ్గర అందరి ముందూ బిందెలో చీటీలు వేసి తీశారు. మా తోడికోడలికి పాఠం వచ్చింది. నాకు ప్రశ్నలు.

"ఆ బిందె ఇంగోసారి కదుపు పాపా" అన్నాను.

చీటీలు తీస్తున్నది గోరంట్ల వైపు అమ్మాయి. మాట మనదే. "కదిపినా అంతేక్కా. ఎవురికొచ్చింది వాళ్లకే."

"ఇద్దరికీ చెప్తే మీ సొమ్మేం పోతాది?"

"అందరికీ చెప్తే, మార్పు మా పాఠంతో వచ్చిందో, దానంతటదే వచ్చిందో ఎట్ల తెలుస్తాదక్కా?"

సరైన జవాబే. అందుకే ఇంకా మండింది.

పాఠం రోజున ఆ అమ్మాయి అట్టపెట్టెతో ఒక బ్యాలెట్ డబ్బా చేసి మా తోడికోడలి వాకిట్లోకి తెచ్చింది. మామిడికాయ, వంకాయ, బకెట్టు బొమ్మలున్న కాగితాలు తెచ్చింది. మా తోడికోడలు దండెం మీది దుప్పటి చాటుకు పోయి, ముద్ర వేసి, కాగితం మడిచి, డబ్బాలో వేసి, పకపకా నవ్వింది. నేను ఎన్నేళ్లు చెప్పినా నా మాటలకు ఒక్కసారి అలా నవ్విన పాపాన పోలేదు.

గోడ మీద మోచేతులు ఆనించి, "ఏమ్మే, వంకాయకేసినావా, మామిడికాయకేసినావా?" అన్నాను.

"నువ్వు ఇనగూడదంటక్కా. నీకు చీటీ రాల్యా కదా" అంటూ ఆమె ఆ పిల్లను లోపలికి తీసుకుపోయి తలుపేసుకుంది. మా రెండిళ్ల మధ్య పట్టపగలు తలుపు పడటం నేనెరగను.

తర్వాత మళ్లీ వచ్చిన రోజు పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, ఆ అమ్మాయి వెళ్లిపోతుంటే పిలిచి కూర్చోబెట్టాను. నెయ్యి ధారాళంగా పోశాను. ఆమె తింటున్నంతసేపూ స్థానిక సంస్థల మీద నాకు తెలిసిందంతా చెప్పాను. అంతా వినింది. చెయ్యి కడుక్కుంది.

"ఓళిగలు మా అమ్మ చేసినట్లే ఉండాయక్కా. పాఠం సంగతి మాత్రం నన్నడగొద్దు."

ఆమె గడప దాటిందో లేదో, మా ఆయన లోపల్నుంచి, "నీకు పాఠం చెప్పేవాళ్లు ఇంగా పుట్టల్యా అంటావు కదే, ఆ పిల్ల ఎంట ఎందుకు పడతాండావు?" అన్నాడు.

"నీ ఓళిగ నువ్వు తిను" అన్నాను.

పాఠం నాకెందుకు? ఓటు రహస్యమని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. నాకు కావలసింది అది కాదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాటను మా తోడికోడలు నోరు తెరుచుకుని వినడం నేను చూడలేకపోయాను.

ఓట్ల ముందురోజు ఇద్దరం చేటలు ముందేసుకుని కాయలు వలుస్తున్నాం. ఆమె బర్రె ఈనడం గురించి మాట్లాడింది. బత్తలపల్లెలో పెళ్లికి కట్టుకోవాల్సిన చీర గురించి మాట్లాడింది. నేను చూసి చూసి, "రేపు ఓట్లు కదా" అన్నాను.

"అవునుక్కా. ఎండెక్కకముందే పోయేసి వద్దాం."

అంతే. మళ్లీ చీర దగ్గరికే పోయింది.

మర్నాడు వేలికి సిరా పెట్టించుకుని ఆమె బయటికి రాగానే పట్టుకున్నాను. "ఎవురికేసినావు?"

"నాకు నచ్చినోళ్లకేసినానులేక్కా." ఆ మాటలో పొగరు లేదు. ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని.

తిరిగి వస్తూ, సర్పంచికి నిలబడినవాళ్ల ఇళ్ల ముందు ఆమె ముఖం ఎటు తిరుగుతుందో కనిపెట్టి చూశాను. ఆమె తెగిన చెప్పు వారు చూసుకుంటూ నడిచింది.

ఎన్నికలయ్యాక ఆ అమ్మాయి ట్యాబు పట్టుకుని నా వంతు ప్రశ్నలకు వచ్చింది.

"మీ ఇండ్లలో ఆడోళ్లు ఓటేసేముందు ఎవురినడుగుతారక్కా?"

"నన్ను."

ఆమె తెర మీద వెతికింది. "భర్త ఉండాది, మామ ఉండాది, కొడుకు ఉండాది. తోడికోడలు లేదక్కా." తెరను ఇంకా కిందికి జరిపి, "ఇతరులు అని పెడతాలే" అంది.

మగవాళ్ల పెత్తనం మీదికి వేసిన ఎత్తు వచ్చి నాకు తగిలింది. ఇన్నేళ్ల పెత్తనానికి నాకు దక్కిన పేరు ఇతరులు.

"పక్కింటక్క ఆ పాఠంలోది మీకేమన్నా చెప్పిందాక్కా?"

అంతా చెప్పిందంటే చాలు, మా గోడ దగ్గర వాళ్ల ప్రయోగం చెడుతుంది. మా మధ్య దాపరికం లేదని చెప్పుకున్నట్టూ ఉంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడ అవతల ఆమె గోంగూర పప్పు ఎనుపుతున్న చప్పుడు వినబడుతోంది. నేననేదీ ఆమెకు వినబడుతుంది.

"ఏమీ చెప్పల్యా" అన్నాను.

"ఒక్క మాట కూడానా?"

"ఒక్క మాట కూడా."

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "శానా మంచిదక్కా! మాకు కావల్సింది ఇట్లాంటి ఇండ్లే!"

ఆ సంతోషాన్ని తీసుకుని ఆమె వెళ్లిపోయింది. కాసేపటికి గోడ మీదికి గిన్నె వచ్చింది.

"అక్కా, ఉప్పు సరిపోయిందేమో చూడు."

వేలితో తీసుకుని నాకి చూశాను. ఉప్పు అమర్చినట్టు సరిపోయింది.

"ఎక్కువైంది" అన్నాను.

"అవునా? రోంత నీళ్లు పోయల్లనా?"

"పోయల్ల. ఎంత పోయల్లో నేను చెప్తా, ఆగు."