పన్నెండో పోగు

చచ్చిపోయినవాళ్లు తిరిగి రావడాలూ, దయ్యాలూ మా నగరి మరమగ్గాల షెడ్లలో పొద్దుపోక చెప్పుకునే కబుర్లు. నేను వాటిలో ఒక్కటీ నమ్మలేదు. తిరుపతిలో ఒక చీరల కొట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. రకరకాల మనుషుల్ని చూసినదాన్ని, ఊరికే బెదిరే రకం కాదు. పైగా ఇది జరిగింది పట్టపగలు. ఇందులో నేను చేసిన పాడు పని కూడా ఒకటి ఉంది. అది దాచిపెట్టి మిగతాది చెబితే మీరు నమ్మకూడదు, అందుకే అదీ చెబుతాను.

మా చెల్లెలు హేమ అంటే నాకు కుళ్లు. ఇంకో మాట వెతకను. పెద్దదాన్నని పదో తరగతితో బడి మాన్పించి నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. అది మాత్రం హాస్టళ్లలో ఉండి చదివింది, బెంగళూరులో డిజైన్ కోర్సు చేసింది. దాని గురించి చెప్పేటప్పుడు అమ్మ ముఖం వెలిగిపోయేది. నా గురించి ఎవరన్నా అడిగితే, "పెద్దది ఇంట్లోనే ఉండాది లే" అనేది.

అమ్మకు అతుకు పనిలో పేరు. మగ్గం మీద నిలువుగా పరిచిన పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగులకు అతకాలి. ముడి వేయరు. వేళ్లకు కట్టెల పొయ్యి బూడిద అద్దుకుని రెండు కొసలూ కలిపి మెలిపెడతారు. అమ్మది ఎడమచేతి వాటం. అందరి మెలికా ఒకవైపు తిరిగితే ఆమెది రెండోవైపు తిరిగేది. నేను ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నా, నాది కుడిచెయ్యి కాబట్టి నా మెలిక అందరిలాంటిదే.

ప్రతిసారీ చివరి పోగు మాత్రం అమ్మ అతకకుండా వదిలేసేది. "ఇది నువ్వెయ్యి పాపా, నీ చెయ్యి మంచిది" అనేది. పెళ్లయి తిరుపతికి వచ్చేదాకా మా ఇంట్లో ఏ పడుగుకైనా చివరి పోగు నాదే. ఆమె దగ్గర నాకంటూ దొరికింది అదొక్కటే. దాన్ని నేను ఎవరికీ చెప్పుకోలేదు, హేమకు అసలే చెప్పలేదు.

అమ్మ పోయి ఆరేళ్లు. పుత్తూరు దారిలో ఎప్పుడో మూతబడిన నూలు మిల్లు ఒకటి ఉంది. మా నాయన కొన్నాళ్లు అందులో చేశాడు, దగ్గుతూ ఇంటికొచ్చేవాడు. దాన్ని ఎవరో కొని, రేకులు మార్చి, గోడలు కడిగించి, కాఫీ కొట్లూ బొమ్మల గదులూ పెట్టారు. పోయిన చలికాలంలో అక్కడ మూడు రోజులు డిజైన్ పండగ జరిపారు. హేమ ఫోన్ చేసి, "అక్కా, అమ్మ మగ్గం పెడతాండా. నువ్వు రాకపోతే నీతో మాట్లాడను సూడు" అంది. ఆదివారం సెలవు పెట్టి బస్సెక్కి వెళ్లాను.

పెద్ద హాలు మధ్యలో అమ్మ మగ్గం. ఆరేళ్లుగా వెనకింట్లో పాత దుప్పటి కప్పి, చెదలు పట్టకుండా నెలకోసారి వెళ్లి తుడిచి వచ్చింది నేను. ఇప్పుడు దాని మీద లైట్లు పడుతున్నాయి, చుట్టూ జనం ఫోటోలు తీస్తున్నారు. పక్కన అమ్మ ఫోటోతో ఒక బోర్డు. 'మా అమ్మ నాకు నేర్పిన విద్య' అని రాసి, కింద హేమ పేరు.

నేర్పిన విద్యట! పోగు తెగితే "అమ్మా" అని కేకపెట్టిన మనిషి! నా పేరు ఎక్కడా లేదు. హేమ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని, పక్కనున్నవాళ్లతో "మా అక్క, తిరుపతిలో చీరల షాపులో చేస్తాది" అంది. అంతే. నాకు కడుపు మండిపోయింది.

నాలుగింటికి అది బయటనుంచి వచ్చిన పెద్దవాళ్ల ముందు నేసి చూపించాలి. వాళ్లకు నచ్చితే దాని పని దేశమంతా తిరుగుతుంది. ఒంటిగంటకు భోజనాలకని హాలు ఖాళీ చేయించారు. చెప్పు తెగిందని సాకు చెప్పి నేను వెనకబడ్డాను. చీరల చీటీలు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. మగ్గం వెనక్కి వెళ్లి, కుడి అంచున పడుగు పోగులు కత్తిరించాను. నేతింటి పిల్లని కదా, చెయ్యి దానంతటదే లెక్కపెట్టింది. పన్నెండు.

అందరికంటే చివర బయటికి వచ్చింది నేనే. నా వెనకే వాచ్‌మన్ తాళం వేశాడు. బయట పెరుగన్నం తిన్నాను. అబద్ధం ఎందుకు, రుచిగానే ఉంది. నలుగురి ముందూ హేమ ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ తిన్నాను.

నాలుగింటికి కాస్త ముందు తాళం తీశారు, నాలుగింటికి మగ్గం ఆడింది. బట్ట అంగుళం అంగుళంగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. జనం పలచబడ్డాక మగ్గం వెనక్కి వెళ్లి వంగి చూశాను. నేను కత్తిరించిన పోగులు అతికి ఉన్నాయి. ముళ్లు కాదు, మెలికలు. రెండోవైపు తిరిగిన మెలికలు. వేలితో తాకితే బూడిద అంటింది.

భోజనాల వేళ లోపలికి ఎవరన్నా వెళ్లారా అని వాచ్‌మన్‌ను అడిగాను. "ఎవురొస్తారు మ్మా? తాళంచెవి నా కాడే ఉండాది, నేను ఈడ్నే కూర్చోనుండా" అన్నాడు. ఆ హాల్లో బూడిద ఎక్కడిది? బయట కాఫీ కొట్లో కూడా ఉన్నది కరెంటు పొయ్యే.

హేమను పక్కకు పిలిచి, "తెగిన పోగులు నువ్వు అతికినావా?" అని అడిగాను.

"తెగినాయా? యాడ? పొద్దున బిగించిన పడుగు మధ్యాన్నానికి వదులైంటే తాళం తీసినాక మళ్లీ బిగించినా, అంతే. నాకు అతకడం యాడొచ్చు అక్కా, అమ్మ నీకే కదా నేర్పింది!" అంది. ఆ మాట బోర్డు మీద రాయడానికి మాత్రం దానికి చెయ్యి రాలేదు.

నాకు భయం వేయలేదు. ఏడుపొచ్చింది, అదీ కుళ్లుతోనే. బతికున్నన్నాళ్లూ దాని వైపే. చచ్చిపోయి కూడా దాని వైపే వచ్చావా అమ్మా, ఆరేళ్లుగా నీ మగ్గం తుడుస్తున్నదాన్ని నేను, ఒక్కసారైనా నా కోసం రాలేదే అనుకున్నాను. అనుకుంటూనే మళ్లీ వెళ్లి పోగులు లెక్కపెట్టాను.

అతికినవి పదకొండే. పన్నెండో పోగు వదిలేసి ఉంది. దాని కొసలు రెండూ సాపు చేసి పక్కపక్కన పెట్టి ఉన్నాయి. వాటి మీద కొంచెం బూడిద ఉంది.

మగ్గం వెనక కింద కూర్చున్నాను. ఆ బూడిదే వేళ్లకు అద్దుకుని, కొసలు కలిపి మెలిపెట్టాను. రెండుసార్లు జారింది, మూడోసారికి నిలిచింది.

హేమ మీద కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ మండుతుంది. కత్తెర సంగతి దానికి ఇంకా చెప్పలేదు, చెప్పే మొహం లేదు. తాళం వేసిన హాల్లో ఆ పోగుల్ని ఎవరు అతికారో నాకు ఈరోజుకీ తెలియదు. ఎన్నో రకాలుగా ఆలోచించి చూశాను. ఎలా ఆలోచించినా ఒక్క దగ్గర ఆగిపోతాను. చివరి పోగు నాదన్న సంగతి అమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.