ప్రభుదాసు తాత జప్తు మూట

మా ప్రభుదాసు తాతకు లోకం మీద ఒకటే అనుమానం: అందరూ టికెట్ లేకుండ ఎక్కినోళ్ళే! కాజీపేటల ముప్పై ఏండ్లు రైలు గార్డు పని చేసి, పందొమ్మిది వందల డెబ్బై ఆరుల రిటైరయిండు. జెండాలు ఆఫీసుకు ఒప్పజెప్పిండు గాని, పాత చీరలు చింపి ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి మళ్ళ కుట్టిచ్చుకున్నడు.

పాలు పోసే మొగిలి వస్తే గిన్నెల వేలు ముంచి, "ఇవి ఏ చెరువు పాలురా?" అనేటోడు. చర్చిల ప్రార్థనప్పుడు ఒక కన్ను తెరిచే ఉంచేటోడు.

"ఏంది మామా గది?" అని మా అమ్మ హన్నా గులిగేది.

"అందరు కండ్లు మూస్తే చెప్పులెవరు చూస్తరు?"

"దేవుడు చూస్తడు."

"ఆయనకు వంద పనులుంటయి బిడ్డా."

ఆ అనుమానం చివరికి నా కంచం మీద పడ్డది. నాకు కాకరకాయ అంటే పగ. అమ్మకేమో ప్రాణం, వారంల మూడు సార్లు వండేది. నేను ముక్కలను గౌను జేబుల, కంచం కింద, ఒకసారైతే తాత చెప్పులల్లనే దాచిన. తిన్నంక తాత విజిల్ ఊదేటోడు.

"బండి ఆపు! కమలా, జేబులు చూపియ్!"

దొరికిన ముక్కలు రుమాల్ల మూట కట్టి "జప్తు!" అని పట్టుకపోయేటోడు. ఆ మూట ఎటు పోతదో తెల్వది. ఏనాడు అమ్మకు చూపిస్తడోనని నాకు ఒకటే దడ.

డెబ్బై తొమ్మిదిల, వర్ధన్నపేటల మా చిన్నమ్మ పెండ్లి. పెండ్లికూతురు ముందు పూలబుట్ట పట్టుకొని నడిచేది నేనే. కొత్త గౌను గూడ కుట్టిచ్చిన్రు. అమ్మ మాత్రం ఖరాఖండిగ చెప్పింది: "కాకరకాయ ఒక్క ముక్క పారేసినా, బుట్ట ఇంకో పిల్లకు ఇప్పిస్త."

రేపు ప్రయాణమనంగ మళ్ళ అదే కూర. ఎంత మింగుదామన్నా గొంతు దిగలే. ఏడు ముక్కలు జేబులకు పోయినయి. విజిల్ మోగింది, జప్తు అయింది. గప్పుడే అమ్మ గరిటె పట్టుకొని వచ్చింది.

"తిన్నదా మామా?"

నా పానం పోయినంత పనయింది. తాత మూట వెనక దాచి, పచ్చజెండా ఊపిండు. "లైన్ క్లియర్!"

ఇప్పుడు అనుమానం నాకు పట్టింది. దొంగను పట్టుకొని మరీ ఎందుకు వదిలిండు? పిల్లి లెక్క వెంబడి పోయిన. పెరట్ల గోడకు ఆనుకొని, కండ్లు గట్టిగ మూసుకొని, తాత ఒక్కొక్క ముక్క నములుతాండు. ముక్కకింత బెల్లం కొరుకుతాండు.

"తాతా, నీకు కాకరకాయ గంత ఇష్టమా?"

"థూ! చిన్నప్పటి సంది పడది."

"మరెందుకు తింటానవ్?"

"మీ అమ్మ కష్టపడి వండుతది, పారెయ్యబుద్ధి గాదు. నువ్వు తినవాయె. నాకు అబద్ధమాడుడు రాదు. ఒక్క ముక్క గూడ పారేసింది లేదు గద? మరి లైన్ క్లియరే!"

నాకు ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. ఆయన జేబుల చెయ్యి పెట్టి, మిగిలిన బెల్లం గడ్డ గుంజుకున్న.

"జప్తు!"

తాత రెండు చేతులు పైకెత్తిండు.

తెల్లారి వర్ధన్నపేటల బస్సు దిగి అన్నాల బంతిల కూసున్నమో లేదో, అమ్మమ్మ ఫస్టు వడ్డించింది కాకరకాయే. అమ్మకు ఆ కూర నేర్పిన మనిషి ఆమెనే మరి. తాత నా దిక్కు చూడకుంటనే రుమాలు తీసి మోకాలి మీద పరుచుకున్నడు. నేను చప్పుడు చెయ్యకుండ నిన్న జప్తు చేసిన బెల్లం గడ్డ గౌను జేబులకెల్లి తీసి ఆయన చేతిల పెట్టిన.